పేరొచ్చాక కూడా మనసు ఎందుకు కుదుటపడదు? మన జిల్లాల నటులతో ఒక చర్చ

మూసీగట్టు

అందరికీ నమస్తే. మాది కేతేపల్లి దగ్గర ఒక పల్లె. సినిమాల్లో క్యారెక్టర్ వేషాలు వేస్తుంటాను. సర్పంచ్, హెడ్ కానిస్టేబుల్, హీరోయిన్ తండ్రి, ఈ మధ్య ఎక్కువగా మన యాస మాట్లాడే మేనమామ. బయట కనబడితే జనం ముఖం గుర్తుపడతారు, పేరు అడుగుతారు, పక్కన నిలబడి ఫోటో దిగుతారు. బడిలో ఏకపాత్రాభినయం చేసే రోజుల్లో నేను కోరుకున్నది ఇదే. అది దొరికింది.

దొరికాక ఏమైందో మనవాళ్ల మధ్య చెప్పుకోవాలనిపించి రాస్తున్నాను. ఇంటర్వ్యూల్లో ఈ మాటలు చెప్పలేం. అక్కడ అడిగేది ఒకటే, సక్సెస్‌ని ఎలా ఎంజాయ్ చేస్తున్నారని.

సినిమా విడుదలైన శుక్రవారం పొద్దున కడుపులో టెన్షన్. సాయంత్రానికి ఫోన్లు మొదలవుతాయి. ఆదివారం దాకా ఇంట్లో పండుగే. మంగళవారానికి అంతా మామూలైపోతుంది. ఆ తర్వాత మళ్లీ ఫోన్ వంక చూస్తూ కూర్చోవడం. "డేట్లు ఖాళీ పెట్టుకోండన్నా, చెప్తా" అని మేనేజర్ అన్న ఒక్క మాట మీద నెల గడిచిపోతుంది. మళ్లీ అడిగితే లోకువైపోతామేమో, అడగకపోతే మరిచిపోతారేమో. బయటివాళ్లకు కనిపించేది తెర మీది నాలుగు నిమిషాలు. మేం బతికేది మాత్రం ఈ ఎదురుచూపులో.

షూటింగ్ ఉన్న రోజు సంగతి కూడా చెప్తాను. చీకటితో కారొస్తుంది. ఏడు గంటలకల్లా మేకప్ వేసుకుని, ప్రొడక్షన్ టిఫిన్ తిని, కుర్చీలో కూర్చుంటాం. హీరోతో కాంబినేషన్ సీన్ అయితే ఆయన వచ్చాకే మన పని. భోజనాలు అవుతాయి, లైటింగ్ మారుస్తారు, నాలుగింటికి పిలుపొస్తుంది. మొదటి టేకు మామూలుగా పోతుంది. రెండో టేకులో ఏదో కుదురుతుంది. డైలాగు గుర్తు తెచ్చుకుని చెప్పినట్టు కాకుండా అప్పుడే పుట్టినట్టు వస్తుంది. లైట్‌బాయ్ చేతిలో పని ఆపి మన వైపు చూస్తాడు. ఆ ఒక్క నిమిషం కోసమే నేను ఈ పనిలో ఉన్నాను.

కొన్ని నెలలకు డబ్బింగ్‌కు వెళ్తే ఆ సీన్ ఉండదు. నిడివి ఎక్కువైందని తీసేస్తారు. ఎవరి మీదా కోపం లేదు, సినిమాకు ఏది అవసరమో అదే ఉంచుతారు. కానీ ఆ సాయంత్రం నాకు కలిగిన ఆనందాన్ని ఎడిటింగ్‌లో ఎవరూ తీసేయలేదు కదా! జనం చూడని సీన్ నాకు అంత తృప్తినిచ్చింది. జనం మెచ్చుకున్న వేషాలు కొన్ని మంగళవారం దాకా కూడా నిలవలేదు. అందుకే అడుగుతున్నాను. మీలో ముఖానికి రంగు వేసుకున్నవాళ్లకు సంతోషం ఎక్కడ దొరికింది? పేరులోనా, పనిలోనా?

కోదాడ రహదారి

అన్నా, ఈ మాట వస్తే మా కోదాడ వాళ్లకు ముందు గుర్తొచ్చేది కాంతారావు గారే. గుడిబండలో 1923లో పుట్టారు. 400కు పైగా సినిమాలు. కత్తి పట్టిన రాకుమారుడు అన్నా ఆయనే, నారదుడు అన్నా ఆయనే. 1963లో వచ్చిన 'లవకుశ'లో ఎన్టీ రామారావు రాముడైతే లక్ష్మణుడు కాంతారావు. అంత వెలుగు వెలిగిన మనిషి చివరి రోజుల్లో డబ్బుకు ఇబ్బంది పడ్డారు. 2009 మార్చిలో పోయారు. మా నాన్న ఆయన సినిమా టీవీలో వస్తే మధ్యలో లేచేవాడు కాదు. చివరికి మాత్రం ప్రతిసారీ ఒకటే మాట: "ఇంత చేసి ఏం సుఖపడ్డడు?"

పద్యం సార్

కోదాడ తమ్ముడూ, మీ నాన్నగారి బాధ నాకు అర్థమైంది. కానీ ఆ మాట కాంతారావు గారికి న్యాయం చేయదు. ఆయన్ను ఇబ్బంది పెట్టింది నటన కాదు, సొంత నిర్మాణం. హీరోగా సంపాదించింది, ఊళ్లో పూర్వీకుల భూమి అమ్మగా వచ్చింది సొంత సినిమాల్లో పెట్టారు. అవి దెబ్బతీశాయి. ఆ రోజుల్లో నిర్మాత నష్టపోతే ఒడ్డున పడేయడానికి టీవీ హక్కులు లేవు, ఓటీటీలు లేవు. థియేటర్‌లో వచ్చిందే వచ్చింది. పైగా జానపదాల కాలం తగ్గి సాంఘికాల వైపు జనం మళ్లారు. కత్తియుద్ధం హీరోకు సహజంగానే వేషాలు తగ్గాయి.

అయినా ఆయన ఇంట్లో కూర్చోలేదు. ఒకప్పుడు తను హీరోగా వేసిన చోటే చిన్న వేషాలు వేశారు, సీరియళ్లలో చేశారు. 2000లో రఘుపతి వెంకయ్య పురస్కారం వచ్చింది. డబ్బు పోవడం, సుఖం పోవడం ఒకటి కాదు. ఆయన జీవితాన్ని హెచ్చరికగా మాత్రమే చెప్పుకుంటే, ఇన్నేళ్లు వదలకుండా చేసిన పని ఏమైపోవాలి?

మూసీగట్టు అడిగిన దానికి నా జవాబు కూడా రాస్తాను. నేను దేవరకొండ వైపు బళ్లలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పద్యనాటకాల్లో హరిశ్చంద్రుడు వేసేవాణ్ణి. మాకు ఆడిషన్ లేదు, పారితోషికం లేదు. ఊళ్లో పదిమంది కలిసి చందాలు వేసుకుని హార్మోనిస్టును కుదుర్చుకునేవాళ్లం. ఆయన ఎవరింట్లోనో ఉండి, రాత్రిళ్లు పద్యాలు నేర్పేవాడు. పగలు నాగలి పట్టినవాడు రాత్రి రాగం తీసేవాడు. చదువురాని నక్షత్రకుడు ఒకడు వేషం మొత్తం విని నేర్చుకున్నాడు, ఒక్క అక్షరం తప్పు పోయేది కాదు. కిరీటాలు, జరీ కోట్లు అద్దెకు తెచ్చేవాళ్లం. అవి ఎంతమంది చెమట చూసినవో, వాసన వచ్చేవి. అయినా తల మీద కిరీటం పెట్టగానే నడక మారిపోయేది.

అసలు ఘట్టం కాటిసీను. తెల్లవారుజామున రెండు మూడు గంటలకు వచ్చేది. పిల్లలు నిద్రపోయి ఉంటారు, పెద్దవాళ్లు దుప్పట్లు కప్పుకుని కూర్చుంటారు. జాషువా పద్యం ఎత్తుకుంటే వెనక నుంచి "వన్స్‌మోర్" అని కేక. ఒకాయన లేచొచ్చి నా అంగీకి పది రూపాయల నోటు గుచ్చి, దండం పెట్టి పోయేవాడు. పొద్దున ఎనిమిదిన్నరకు నేను బడిలో ప్రార్థనకు నిలబడేవాణ్ణి. చెవుల దగ్గర రంగు పూర్తిగా పోయేది కాదు. పిల్లలు దాన్ని చూసి గుసగుసలాడుకునేవాళ్లు.

నాకు జీతం బడి ఇచ్చింది. అందుకే నాటకాన్ని నేనెప్పుడూ అన్నం పెట్టమని అడగలేదు. నా ఆనందానికి అది పెద్ద కారణం అనుకుంటాను.

కృష్ణ ఒడ్డు

మాస్టారు గారికి నమస్కారం. మీ మాటల మీద గౌరవంతోనే ఒక విషయం చెప్తాను. నేను గద్వాల దగ్గర నుంచి వచ్చి సీరియళ్లలో చేస్తున్నాను. నెల జీతం ఉన్నవాళ్లకు నటన తృప్తి. హైదరాబాద్‌లో సినిమావాళ్లు ఉండే కృష్ణానగర్‌లో గది అద్దెకు తీసుకుని రోజుకూలి మీద బతికేవాళ్లకు నటన కూడు. "గెలుపు ముఖ్యం కాదు, సంతోషం ముఖ్యం" అనే మాట వినడానికి బాగుంటుంది. నాకు గెలుపు వచ్చాకే సంతోషం గురించి ఆలోచించే తీరిక దొరికింది.

మా ఊళ్లో ఆడపిల్ల యాక్టింగ్ అంటే ఏమన్నారో ఇక్కడ రాయను. మా అమ్మ పెళ్లిళ్లకు వెళ్లడం మానేసింది. మొదటి సీరియల్ బాగా నడిచాక అదే మనుషులు ఇంటికొచ్చి, తమ పిల్లకు అవకాశం ఇప్పించమన్నారు. అమ్మ మళ్లీ పెళ్లిళ్లకు వెళ్తోంది, ముందు వరుసలో కూర్చుంటోంది. పేరు ఇచ్చింది తక్కువని నేను ఎలా అనను?

అయితే మూసీగట్టు అన్న చెప్పిన ఎదురుచూపు నిజం. సీరియల్లో అది ఇంకో రకంగా ఉంటుంది. పని రోజూ ఉంటుంది. డైలాగు పేపరు అప్పటికప్పుడు చేతికొస్తుంది, వెనక నుంచి ప్రాంప్టింగ్ ఇస్తుంటారు, ఏడుపు సీన్లు వరుసగా నాలుగు తీస్తారు. గ్లిజరిన్‌తో కళ్లు మండుతుంటాయి. భయం ఒకటే, రేటింగ్ తగ్గితే మన పాత్రను అమెరికా పంపేస్తారు. నిన్నటిదాకా ఇంటింటికీ తెలిసిన కోడలు సోమవారం నుంచి కథలో ఉండదు. నలభై దాటిన మగవాడికి హీరో తండ్రి వేషానికి ఇంకా టైముంటుంది. ముప్పై అయిదు దాటగానే మమ్మల్ని అత్త చేస్తారు.

ఇంత ఉన్నా నేను సంతోషంగా ఉన్నాను. మా తమ్ముడి చదువు, అమ్మ ఆపరేషన్, గద్వాలలో చిన్న ఇల్లు, అన్నీ ఈ ముఖం మీదే వచ్చాయి. కళ అనే పెద్దమాటకన్నా నాకు అదే ఎక్కువ.

పాలమూరు పిల్లగాడు

అక్కా, మీ పోస్టు మా అమ్మకు చదివి వినిపించాను. రెండోసారి కూడా చదవమంది.

చర్చ నిర్వాహకులు

మంచి చర్చ. ఒక్క మనవి. కొందరు పంపిన వ్యాఖ్యల్లో ఇప్పుడున్న నటీనటుల ఇంటి విషయాలు, పుకార్లు ఉన్నాయి. వాటిని ప్రచురించడం లేదు. మీ అనుభవం రాయండి, లేదా అందరికీ తెలిసిన సంగతులు రాయండి.

మనసు పాఠం

నేను నల్లగొండలో డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెప్తాను. నటుణ్ణి కాదు. కానీ మూసీగట్టు గారి "మంగళవారం" నాకు బాగా తెలిసిన విషయం.

అమెరికాలో బ్రిక్‌మన్, ఆయన సహచరులు 1978లో ఒక పరిశోధన ప్రచురించారు. పెద్ద లాటరీ తగిలిన 22 మందిని, మామూలు మనుషులను, ప్రమాదంలో కాళ్లు చేతులు చచ్చుబడిన 29 మందిని పలకరించారు. లాటరీ తగిలినవాళ్లు మామూలు మనుషులకన్నా పెద్ద సంతోషంగా ఏమీ లేరు. పైగా టిఫిన్ తినడం, స్నేహితులతో కబుర్లు చెప్పుకోవడం లాంటి చిన్న విషయాల్లో వాళ్లకు దొరికే ఆనందం తగ్గింది. చిన్న పరిశోధనే, దాని మీద విమర్శలూ ఉన్నాయి. కానీ పెద్ద సంబరానికి మనసు తొందరగా అలవాటు పడిపోతుందన్నది ఆ తర్వాత కూడా పదేపదే కనిపించింది.

నటుల గురించే ఇంకో సంగతి ఉంది. 2001లో కెనడా పరిశోధకులు ఇద్దరు, ఆస్కార్ గెలిచిన నటులు గెలవని నటులకన్నా దాదాపు నాలుగేళ్లు ఎక్కువ బతుకుతున్నారని రాశారు. పేపర్లన్నీ వేసుకున్నాయి. విజయం ఆయుష్షు పెంచుతుందని అందరూ నమ్మారు. 2006లో వేరేవాళ్లు అదే లెక్కను తిరగేసి చూస్తే అందులో ఒక మెలిక దొరికింది. డెబ్బై ఏళ్లకు ఆస్కార్ గెలవాలంటే ముందు డెబ్బై దాకా బతికి ఉండాలి కదా. గెలవకముందు బతికిన ఏళ్లను కూడా గెలుపు ఖాతాలో వేశారు. దాన్ని సరిచేస్తే తేడా ఏడాది దగ్గరికి పడిపోయింది, అది కూడా గట్టిగా చెప్పగలిగింది కాదు.

కృష్ణ ఒడ్డు గారి మాట కూడా ఇక్కడ కలపాలి. అద్దె, మందులు, ఫీజులు కట్టలేని బతుకులో డబ్బు వస్తే మనసుకు నిజంగానే ఊరట. అది అలవాటు పడి మరిచిపోయే రకం కాదు. చప్పట్ల సంగతి వేరు. ఈ రెండింటినీ "సక్సెస్" అనే ఒకే గంపలో వేసి మాట్లాడితే చర్చ తెగదు.

అచ్చంపేట అడవి

గంప మాట బాగుంది మేడమ్. మా లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగిలయ్య గారిని చూడండి. పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగల వాద్యం వాయిస్తూ పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ ఊరూరా పాడినాయన. 'భీమ్లా నాయక్' పాట మొదట్లో ఆయన గొంతు వినగానే రాష్ట్రమంతా ఎవరీయన అని అడిగింది. 2022లో పద్మశ్రీ. ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. తర్వాత రెండేళ్లకు, 2024లో, ఇల్లు కట్టే చోట కూలిపని చేస్తున్నారని వార్తల్లో చూశాం.

ఆ వార్త కింద చాలామంది "పద్మశ్రీ ఏం చేసుకోవాలె" అని రాశారు. నాకు మాత్రం వేరే బాధ. ఆయనకు కావాల్సింది సన్మానాలే కాదు, రేపు ఎక్కడ పాడాలి అన్నదానికి జవాబు. పాడే చోటు, వినే జనం, దానికి కూలి, ఈ మూడూ నెలనెలా ఉంటే కిన్నెర పట్టిన చెయ్యి ఇటుకలు మోయదు. దామరగిద్ద దాసరి కొండప్ప గారికి 2024లో బుర్రవీణకు పద్మశ్రీ వచ్చింది. ఆ ఊరి బడిపిల్లలకు వారానికోసారి ఆయనతో వాయించి చూపిస్తే ఎంత బాగుంటుంది!

చిందు వాకిలి

ఇంతసేపు చదువుతూ ఉన్నాను. మాది చిందోళ్ల ఇల్లు, తుంగతుర్తి వైపు. మా తాత ముత్తాతలది ఊరూరా తిరిగి పురాణ కథలు ఆడే చిందు భాగవతమే. మా నాయనమ్మ కూడా ఆట కట్టింది. మీ సినిమా మాటల్లో చెప్పాలంటే మా ఇంట్లో పుట్టిన ప్రతి మనిషీ ఆర్టిస్టే.

మాకు ఊళ్లు మిరాశి. ఫలానా ఊళ్లల్లో ఆడే హక్కు ఫలానా ఇంటిది. ఏడాదికోసారి పోయి ఆడితే ఆ ఊరు త్యాగం ఇవ్వాలి, వడ్లో, మేకో, రూపాయలో. జాంబపురాణం తప్పకుండా ఆడేది. పొనికి కర్రతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు చేతికి తేలికగా ఉంటాయి, కట్టుకుని రాత్రంతా ఎగరాలి కదా. ముఖానికి అర్దళం అనే పసుపు రంగు రాయి నూరి పూసుకునేవాళ్లు. నాయనమ్మ ఆ పొడి నూరుతుంటే ఎవరినీ పలకరించనిచ్చేది కాదు. రంగు పడ్డాక ఆమెను పేరు పెట్టి పిలిచినా పలికేది కాదు. ఎల్లమ్మ వేషంలో ఉంటే ఎల్లమ్మే.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ పద్ధతిలో ఒక మంచి, ఒక చెడు ఉన్నాయి. వచ్చే ఏడు పిలుస్తారా లేదా అన్న భయం మాకు లేదు. ఆట బాగున్నా, ఒకరోజు గొంతు పోయినా, ఆ ఊరు మాదే. మూసీగట్టు అన్న పడుతున్న టెన్షన్ మా తాత పడలేదు. కానీ ఊరి నడిమధ్య దేవతగా నిలబెట్టి మొక్కినవాళ్లే తెల్లారితే మమ్మల్ని వాడ బయట కూర్చోబెట్టి అన్నం పెట్టారు. చప్పట్లు కొట్టినంత మాత్రాన గౌరవం ఇచ్చినట్టు కాదని మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. టీవీలు, సెల్లులు వచ్చాక ఊళ్లు పిలవడం మానేశాయి, మిరాశి కాగితం మీది మాటయింది. నేను ఆర్టీసీలో చేస్తున్నాను. సెలవు దొరికితే మా పిల్లలకు అడుగులు నేర్పుతున్నాను. అడుగు పడ్డప్పుడు కాలిగజ్జె ఒక్కలాగా మోగితే నాకు అదే చాలు. ఎవరూ చూడకపోయినా సరే.

కోదాడ రహదారి

చిందు వాకిలి అన్నా, ఆ తెల్లారి సంగతి చదివాక మళ్లీ రాయాలనిపించింది. మా కోదాడ వేణుమాధవ్ గారు మిమిక్రీతో స్టేజీ మీద మొదలై, సినిమాకు వచ్చి, 'లక్ష్మి' సినిమాకు నంది తీసుకున్నారు. 2018లో ఎన్నికలప్పుడు కోదాడలోనే నామినేషన్ వేశారు. 2019 సెప్టెంబరులో పోయారు. మా ఊళ్లో ఆయన్ను తలుచుకునేవాళ్లు సినిమా జోకులకన్నా ముందు, చిన్నప్పుడు వీధిలో మనుషుల గొంతులు దించిన సంగతులు చెప్తారు. పద్యం సార్ అన్నది నిజమే అనిపిస్తోంది. ఈసారి కాంతారావు గారి సినిమా వస్తే మా నాన్నతో "ఎంత బాగా చేసిండు" అని మాత్రమే అంటాను.

పాలమూరు పిల్లగాడు

ఇప్పుడు నా సంగతి. నేను పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తాను. జడ్చర్లలో రూము. దోస్తులతో షార్ట్ ఫిలింలు తీస్తాం, ఎక్కువ పిల్లలమర్రి దగ్గర, మన్యంకొండ దగ్గర. ఈ మధ్య ఒక చిన్న వీడియో బాగా పోయింది. లక్షల మంది చూశారు. ఒక ఆఫీసు నుంచి పిలుపొచ్చింది, వెళ్లి ఫోటోలు ఇచ్చి వచ్చాను. ఆ తర్వాత పెట్టిన వీడియోలు ఎవరూ చూడట్లేదు. డ్యూటీలో కూడా ఫోన్ తీసి అంకె చూస్తున్నాను. ఉద్యోగం మానేసి హైదరాబాద్ పోదామా అని రోజూ అనుకుంటున్నాను. మానేస్తే అమ్మ ఏడుస్తుంది. మానకపోతే నేను ఏడుస్తాను. చెప్పండన్నా.

కృష్ణ ఒడ్డు

తమ్మీ, అవకాశం ఇప్పిస్తామని డబ్బు అడిగినవాళ్లకు రూపాయి ఇవ్వకు. ముందు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకో. రూము అద్దె, తిండి కలిపి ఏడాదికి సరిపడా పైసలు చేతిలో లేకుండా కృష్ణానగర్ రాకు. ఆకలితో ఆడిషన్‌కు పోతే ఆ ఆత్రం ముఖంలో కనబడుతుంది, వేషం కనబడదు.

మనసు పాఠం

ఆ అంకె చూడటాన్ని డ్యూటీ అయ్యాక ఒకే సమయానికి పెట్టుకో నాయనా. వీడియో పెట్టిన రోజు అసలు చూడకు. కొన్నాళ్లు చేసి, మనసుకు ఎలా ఉందో ఇక్కడే రాయి.

మూసీగట్టు

అందరివీ చదివాను. పద్యం సార్ పోస్టు మా ఇంట్లో అందరం కలిసి చదువుకున్నాం. చిందు వాకిలి అన్నా, మీ వాకిట్లో పిల్లల ఆట చూడటానికి నన్ను రానిస్తారా? తుంగతుర్తి మాకు దూరం కాదు.

కృష్ణ ఒడ్డు చెల్లీ, నువ్వన్నది నేను ఒప్పుకుంటాను. మా ఫీల్డులో రోజుకూలి మీద బతికేవాళ్లే ఎక్కువ. 2025 ఆగస్టులో కూలి 30 శాతం పెంచమని కార్మికుల ఫెడరేషన్ సమ్మె చేసి షూటింగులు ఆపింది ఎందుకు? వాళ్ల సంతోషం ముందు ఆ కూలి దగ్గరే ఉంది. చెమటకు తగ్గ డబ్బు అడగడం అత్యాశ కాదు.

పాలమూరు తమ్మీ, ఉద్యోగం ఇప్పుడే మానకు. షిఫ్టు డ్యూటీ నీకు మేలే, కొన్ని పగళ్లు ఖాళీగా దొరుకుతాయి. జడ్చర్ల నుంచి హైదరాబాద్ రెండు గంటల లోపు. ఆడిషన్ ఉన్నరోజు వచ్చి పోవచ్చు. ఈలోగా మహబూబ్‌నగర్‌లో నాటకాలు వేసేవాళ్లు ఎవరున్నారో కనుక్కుని వాళ్లతో కలువు. నాటక పరిషత్తు పోటీలకు వెళ్లే బృందంలో చిన్న వేషమైనా చెయ్యి. వీడియోలో బాగా రాకపోతే మళ్లీ తీసుకోవచ్చు. స్టేజీ మీద డైలాగు మరిచిపోతే ఎదుటివాడి కళ్లలోకి చూసి నిలబడాలి. ఆ నిలబడటం నేర్చుకున్నాక కెమెరా భయపెట్టదు.

ఆడిషన్ వీడియో పంపేటప్పుడు పాట పెట్టకు, ఫిల్టర్ పెట్టకు. వెలుతురు ముఖం మీద పడేలా కిటికీకి ఎదురుగా నిలబడి, ముందు ఎత్తు, వయసు, ఊరు చెప్పు. తర్వాత ఎడమ పక్క, కుడి పక్క చూపించు. ఒక నిమిషం సీన్ చెయ్యి, అదీ మీ పాలమూరు మాటలోనే. పెద్ద హీరో డైలాగు వద్దు. మీ కంపెనీ గేటు దగ్గర నువ్వు రోజూ వినే మాటలతో రాసుకో. వచ్చే ఆదివారం లోపు నాకు ఇక్కడే పర్సనల్ మెసేజ్‌లో పంపు. చూసి, ఏది బాగుందో ఏది లేదో ఉన్నదున్నట్టు చెప్తాను.

పాలమూరు పిల్లగాడు

శనివారం నైట్ షిఫ్టు అయ్యాక తీసి పంపుతాను అన్నా. గేటు దగ్గర సెక్యూరిటీ తాత మాటలతోనే రాస్తున్నాను.